జన్యువు చెడలేదు, నోరు మూతపడింది

రొమ్ము క్యాన్సరో అండాశయ క్యాన్సరో బయటపడిన ఇళ్లలో ఈమధ్య ఒక పరీక్ష పేరు తరచూ వినిపిస్తోంది: బీఆర్‌సీఏ. రక్తం ఇస్తారు, వారాల తరబడి టెన్షన్‌తో ఎదురుచూస్తారు, చివరికి ‘నెగెటివ్’ అని రిపోర్టు చేతికొస్తుంది. వంశంలో దోషమేమీ లేదని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఊరట న్యాయమైనదే. అయితే ఆ రిపోర్టు చెప్పేది ఒక్క సంగతే: పుట్టుకతో వచ్చిన జన్యువులో అక్షరాలు సరిగ్గా ఉన్నాయని. కణితి లోపల ఆ జన్యువు పని చేస్తోందా లేదా అన్నది అందులో ఉండదు. అక్షరాలన్నీ చెక్కుచెదరకుండా ఉండి కూడా జన్యువు పూర్తిగా మూగబోవచ్చు. రొమ్ము, అండాశయ క్యాన్సర్లలో ఇది అరుదుగా కనిపించే వింతేమీ కాదు. కొన్ని రకాల కణుతుల్లో నాలుగింట ఒకదానిలో జరిగేది ఇదే.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో తెలియాలంటే, ఆ పరీక్షలో చూసే బీఆర్‌సీఏ1 అనే జన్యువు చేసే పని తెలియాలి. మన ఒంట్లోని ప్రతి కణంలోనూ డీఎన్ఏ రోజూ దెబ్బతింటూనే ఉంటుంది. ఎక్కువ దెబ్బలు చిన్నవే. రెండు పోగుల్లో ఒక్కటే తెగితే బాగుచేసే ఏర్పాట్లు కణంలో చాలా ఉన్నాయి. అసలు ప్రమాదం రెండు పోగులూ ఒకేచోట తెగినప్పుడు. అప్పుడు అదే సమాచారం ఉన్న మరో ప్రతిని పక్కన పెట్టుకుని, దాన్ని చూస్తూ, తప్పు లేకుండా తిరిగి అతకాలి. ఈ అతుకు పనిని దగ్గరుండి చేయించే మేస్త్రీ లాంటిది బీఆర్‌సీఏ1 ప్రొటీన్. మేస్త్రీ లేకపోయినా పని ఆగదు, కానీ అతుకులు ఎలా పడితే అలా పడతాయి. కొన్ని ముక్కలు రాలిపోతాయి, కొన్ని వేరే చోట అంటుకుంటాయి. ఏళ్ల తరబడి ఇలా సాగితే ఏదో ఒక కణం అదుపు తప్పుతుంది. ఇలా క్యాన్సర్‌కు అడ్డం నిలబడే జన్యువులనే కణితి నిరోధక జన్యువులంటారు.

వంశపారంపర్యంగా వచ్చే రొమ్ము క్యాన్సర్‌కు కారణమైన జన్యువు 17వ క్రోమోజోమ్ మీద ఉందని 1990లో మేరీ-క్లెయిర్ కింగ్ బృందం చూపించింది. 1994లో అమెరికాలోని యూటాలో మార్క్ స్కోల్నిక్ బృందం ఆ జన్యువునే చేతికి చిక్కించుకుంది. బీఆర్‌సీఏ1లో హానికరమైన మార్పుతో పుట్టిన స్త్రీలలో 80 ఏళ్లు వచ్చేసరికి నూటికి 72 మందికి రొమ్ము క్యాన్సర్, 44 మందికి అండాశయ క్యాన్సర్ రావచ్చని 2017లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. ఇంతటి బలమైన జన్యువు దొరికింది కాబట్టి మిగతా రొమ్ము క్యాన్సర్ల గుట్టు కూడా దీనితోనే విప్పవచ్చని అప్పట్లో చాలామంది ఆశపడ్డారు. ఎందుకంటే వంశంలో వచ్చే మార్పుల వల్ల కలిగేవి మొత్తం రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఐదు నుంచి పది మాత్రమే. మిగతావారిలో ఇదే జన్యువు పుట్టిన తర్వాత ఎప్పుడో చెడిపోయి ఉంటుందన్నది అంచనా.

ఆ అంచనా వెంటనే దెబ్బతింది. అదే 1994లో 32 రొమ్ము కణుతుల్ని, 12 అండాశయ కణుతుల్ని వెతికితే బీఆర్‌సీఏ1 మ్యుటేషన్, అంటే రాతలో మార్పు, కనిపించింది నాలుగింటిలోనే. ఆ నాలుగూ పుట్టుకతో వచ్చినవే. మధ్యలో వచ్చిపడిన మార్పు ఒక్క కణితిలోనూ లేదు. అయితే ఆ మరుసటి ఏడాదే ఇంకో సంగతి తేలింది. వంశ చరిత్ర లేని రొమ్ము కణుతుల్లో కూడా బీఆర్‌సీఏ1 పని బాగా తగ్గిపోయి ఉంటోంది. రాత బాగానే ఉంది, దాని నుంచి రావలసిన ప్రొటీన్ మాత్రం రావడం లేదు. మ్యుటేషన్ల కోసం మాత్రమే వెతికేవారికి ఇది అర్థం కాని చిక్కుముడి.

పొల్లు పెట్టిన అక్షరం

తెలుగు చదివేవారికి ఈ చిక్కుముడి విప్పడం తేలిక. ‘క’ రాసి పైన పొల్లు పెడితే ‘క్’ అవుతుంది. అక్షరం మారలేదు, కొట్టేయలేదు, దాని చోటూ కదల్లేదు. లోపలున్న అచ్చు మాత్రం తెగిపోయింది. పొల్లు తీసేస్తే మళ్లీ పలుకుతుంది. డీఎన్ఏ మీద కూడా అలాంటి పొల్లు ఒకటుంది. దాని పేరు మిథైల్. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లతో కూడిన చిన్న గుంపు అది. డీఎన్ఏలోని నాలుగు అక్షరాల్లో సైటోసిన్ మీద, ముఖ్యంగా దాని పక్కనే గ్వానిన్ ఉన్న చోట, ఇది అతుక్కుంటుంది. ఈ జంటను సీపీజీ అంటారు. రాత మారకుండా, రాత పలికే తీరును మాత్రం మార్చే ఇలాంటి ఏర్పాట్లన్నిటినీ కలిపి ఎపిజెనెటిక్స్ అని పిలుస్తున్నారు. ఆ మాటను 1942లో బ్రిటిష్ జీవశాస్త్రవేత్త కాన్రాడ్ వాడింగ్టన్ వాడుకలోకి తెచ్చాడు. అప్పటికి డీఎన్ఏ రూపమే ఎవరికీ తెలియదు.

మిథైల్ పడటం దానికదే జబ్బు కాదు. మనిషి డీఎన్ఏలో సుమారు 2 కోట్ల 80 లక్షల సీపీజీ జంటలుంటే, మామూలు కణాల్లో నూటికి 70 నుంచి 80 వరకు మిథైల్ పెట్టుకునే ఉంటాయి. కాలేయ కణంలోనూ చర్మ కణంలోనూ రాత ఒక్కటే. ఏ పుట తెరవాలో ఏది మూసి ఉంచాలో చెప్పే గుర్తుల్లో మిథైల్ ఒకటి. ప్రతి స్త్రీ కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాన్ని మూసి ఉంచడంలోనూ దీనికి పాత్ర ఉంది. ఒకే ఒక్క చోట మాత్రం ఆరోగ్యంగా ఉన్న కణం దీన్ని దరిచేరనివ్వదు. చాలా జన్యువుల మొదట్లో ప్రమోటర్ అనే స్విచ్ ఉంటుంది. అక్కడ సీపీజీ జంటలు గుంపుగా, దట్టంగా ఉంటాయి. వీటికి సీపీజీ ద్వీపాలని పేరు. ఈ ద్వీపాలు సాధారణంగా శుభ్రంగా ఉంటాయి.

క్యాన్సర్ కణంలో ఈ పద్ధతి తలకిందులవుతుంది. మొత్తం డీఎన్ఏ మీద మిథైల్ తగ్గిపోతుంది. ఈ సంగతిని 1983లోనే ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టీన్ గమనించారు. శుభ్రంగా ఉండాల్సిన ద్వీపాల మీద మాత్రం మిథైల్ పేరుకుంటుంది. బీఆర్‌సీఏ1 ప్రమోటర్ మీద అలా పేరుకుందంటే మిథైల్‌ను గుర్తుపట్టే ప్రొటీన్లు వచ్చి అక్కడ చేరతాయి. అవి తమతో పాటు మరికొన్ని ఎంజైములను తెస్తాయి. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ రీళ్ల మీద ఉండే అసిటైల్ అనే మరో రకం గుర్తుల్ని ఆ ఎంజైములు చెరిపేస్తాయి. దాంతో వదులుగా ఉన్న చుట్టలు బిగుసుకుంటాయి. జన్యువును చదవాల్సిన యంత్రానికి అడుగు పెట్టే సందు ఉండదు. ఇదంతా ఒక్కసారి జరిగి ఊరుకునేది కాదు. కణం రెండుగా చీలినప్పుడల్లా డీఎన్ఎమ్‌టీ1 అనే ఎంజైమ్ పాత పోగు మీద మిథైల్ ఎక్కడుందో చూసి కొత్త పోగు మీద సరిగ్గా అక్కడే పెడుతుంది. అందుకే ఒక కణంలో పడిన మూత దాని సంతానం మొత్తానికీ దక్కుతుంది. మ్యుటేషన్ అక్కర్లేకుండానే మ్యుటేషన్‌కు ఉండే నిలకడ దీనికీ వచ్చేసింది.

కణితి నిరోధక జన్యువు దెబ్బతినాలంటే దాని రెండు ప్రతులూ పోవాలని, అంటే రెండు దెబ్బలు పడాలని 1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ పిల్లల కంటి క్యాన్సర్‌ను ఆధారం చేసుకుని చెప్పాడు. ఆయన ఊహించిన దెబ్బలు మ్యుటేషన్లే. ఆ దెబ్బల్లో ఒకటి మిథైల్ కూడా కావచ్చన్న ఆలోచన తొంభైల్లో బలపడింది. బీఆర్‌సీఏ1 కథలో ఆ ఆలోచనే తాళంచెవి అయింది.

లెక్కలో ఇమడని ఒక కణితి

మిథైల్‌ను చూడటం మొదట్లో చాలా కష్టంగా ఉండేది. మామూలు సీక్వెన్సింగ్‌కు సైటోసిన్ మీద మిథైల్ ఉన్నా లేకున్నా ఒకేలా కనిపిస్తుంది. బైసల్ఫైట్ అనే రసాయనం ఈ ఇబ్బందిని తీర్చింది. మిథైల్ లేని సైటోసిన్‌ను అది వేరే అక్షరంగా మార్చేస్తుంది, మిథైల్ ఉన్నదాన్ని వదిలేస్తుంది. 1996లో జేమ్స్ హెర్మన్, స్టీఫెన్ బేలిన్ తదితరులు దీన్ని డీఎన్ఏ ప్రతుల్ని పెంచే పీసీఆర్‌తో జతచేసి, కొద్దిపాటి నమూనాతోనే మిథైల్‌ను పసిగట్టే పద్ధతిని తయారుచేశారు. ఆ తర్వాత పరిశోధనలు వరుస కట్టాయి. 1997లో ఆస్ట్రేలియా నుంచి, వంశ చరిత్ర లేని రొమ్ము కణుతుల్లో బీఆర్‌సీఏ1 మీద మిథైల్ పడి ఉందన్న పరిశోధన వెలువడింది. 2000లో మనెల్ ఎస్టెల్లర్ బృందం 84 రొమ్ము కణుతుల్ని పరీక్షిస్తే 11 కణుతుల్లో, అంటే నూటికి 13 చొప్పున, అదే కనిపించింది. ఆ 13 శాతం కన్నా ఆలోచింపజేసేది ఇంకోటుంది. మెడుల్లరీ అనే రకం కణుతుల్లో ఈ మూత మరీ ఎక్కువ. వంశంలో బీఆర్‌సీఏ1 మార్పు ఉన్నవారికి ఎక్కువగా వచ్చే రకం కూడా అదే.

అన్నిటికన్నా గుర్తుపెట్టుకోదగిన సాక్ష్యం 2001లో దొరికింది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 22 రొమ్ము కణుతుల్లో వేల జన్యువుల పనితీరును ఒకేసారి కొలిచారు. కొన్ని కణుతులు బీఆర్‌సీఏ1 మార్పు ఉన్నవారివి, కొన్ని బీఆర్‌సీఏ2 అనే మరో జన్యువులో మార్పు ఉన్నవారివి, మిగతావి ఏ మార్పూ లేనివారివి. జన్యువుల పనితీరు చూసి ఏ కణితి ఏ గుంపుదో చెప్పవచ్చా అన్నది ప్రశ్న. లెక్క బాగానే కుదిరింది గానీ, ఒక కణితి మాత్రం మొండికేసింది. ఏ మార్పూ లేదని తేలిన ఆ కణితిని లెక్క పదేపదే బీఆర్‌సీఏ1 గుంపులోనే పడేసింది. లెక్క తప్పిందని పక్కన పడేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. వాళ్లు తరచి చూశారు. ఆ కణితిలో బీఆర్‌సీఏ1 ప్రమోటర్ నిండా మిథైల్. లెక్క తప్పలేదు. రాత బాగున్నా నోరు మూతపడిన జన్యువు, మ్యుటేషన్‌తో పోయిన జన్యువు కణితిని ఒకే దారిలో నడిపిస్తాయనడానికి ఇంతకన్నా సూటి రుజువు దొరకడం కష్టం.

అండాశయ క్యాన్సర్ విషయంలో స్పష్టత 2011లో వచ్చింది. హై గ్రేడ్ సీరస్ అనే రకం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది, అన్నిటికన్నా మొండిది. క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ అనే అమెరికా ప్రాజెక్టు ఆ రకానికి చెందిన 489 కణుతుల్ని క్షుణ్ణంగా చదివింది. బీఆర్‌సీఏ1 మూతపడినవి నూటికి 11కు పైగా ఉన్నాయి. అదే దారిలో పనిచేసే ఆర్‌ఏడీ51సీ కూడా కొన్నిటిలో మిథైల్‌తో మూతపడింది. అలా మూతపడిన కణుతుల్లో బీఆర్‌సీఏ మ్యుటేషన్లు లేవు. మ్యుటేషన్ ఉన్నచోట మూత లేదు, మూత ఉన్నచోట మ్యుటేషన్ లేదు. ఇది యాదృచ్ఛికం కాదు. ఒక పని రెండు దార్లలో ఏదో ఒకదాని ద్వారా అయిపోతే రెండో దారి అవసరం ఉండదు. క్యాన్సర్ పరిశోధనలో ఇలాంటి ఎడబాటు కనిపిస్తే ఆ రెండు దార్లూ ఒకే గమ్యానికి చేరతాయని అర్థం చేసుకుంటారు. బీఆర్‌సీఏ2 కథ మాత్రం వేరు. దాని ప్రమోటర్ మీద ఇలాంటి మూత చాలా అరుదు. పేర్లు కవలల్లా ఉన్నా ఈ రెండు జన్యువులు వేర్వేరు.

రొమ్ము క్యాన్సర్లలో ఈ మూత అన్ని రకాల్లోనూ సమానంగా ఉండదు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్, హెర్2 గ్రాహకాలు మూడూ లేని ట్రిపుల్ నెగెటివ్ అనే రకంలోనే ఎక్కువ. స్వీడన్‌లో 237 ట్రిపుల్ నెగెటివ్ కణుతుల్ని పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో 57 కణుతుల్లో బీఆర్‌సీఏ1 ప్రమోటర్ మూతపడి ఉంది. దాదాపు నాలుగింట ఒకటి. ఈ అంకె మన దేశానికి మరింత దగ్గరగా తగులుతుంది. పాశ్చాత్య దేశాల్లో రొమ్ము క్యాన్సర్లలో ట్రిపుల్ నెగెటివ్ వాటా నూటికి 10 నుంచి 15 కాగా, భారతదేశంలో అది 30 దాకా ఉంటున్నట్టు మన ఆసుపత్రుల లెక్కల్ని కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి. 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడినవారు లక్షా 92 వేల మంది, అండాశయ క్యాన్సర్ బయటపడినవారు 47 వేల మంది అని అంతర్జాతీయ అంచనా. స్వీడన్ నిష్పత్తిని ఇక్కడికి ఉన్నదున్నట్టుగా తెచ్చి అతికించలేం గానీ, ఈ విషయం హైదరాబాద్, విశాఖ వార్డుల్లో ఉన్న ఎంతోమంది స్త్రీలకు సంబంధించినదన్న మాట మాత్రం నిజం.

బీఆర్‌సీఏ1 ఒక్కటే కాదు. ఆర్‌ఏఎస్‌ఎస్‌ఎఫ్1ఏ సగానికి పైగా రొమ్ము కణుతుల్లో ఇలాగే మూతపడుతుంది. కణాల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే ఈ-క్యాడెరిన్, అండాశయంలో ఓపీసీఎమ్ఎల్, అక్షర దోషాల్ని దిద్దే ఎమ్ఎల్‌హెచ్1 కూడా ఈ జాబితాలోకే వస్తాయి. కానీ జాబితా ఎంత పెరిగితే అంత జాగ్రత్త అవసరం. క్యాన్సర్ కణంలో మిథైల్ పడిన జన్యువులు వందల్లో ఉంటాయి. వాటిలో చాలావరకు ఆ కణజాలంలో ముందు నుంచే నిద్రలో ఉన్నవి. నిద్రపోతున్నవాడి గదికి తాళం వేస్తే ఇంట్లో జరిగే పనిలో తేడా రాదు. మిథైల్ కనిపించగానే కారణం దొరికిపోయిందని రాసేసిన పరిశోధనా పత్రాలు ఈ రంగంలో తక్కువేం లేవు. బీఆర్‌సీఏ1 ప్రత్యేకత ఏమిటంటే, మూతకూ ఫలితానికీ మధ్య లంకె ఇక్కడ గట్టిగా నిలిచింది.

కూతుళ్లకు వస్తుందా?

ఈ మాట వినగానే ఏ తల్లికైనా వచ్చే మొదటి ప్రశ్న ఇదే. జవాబు చాలావరకు ధైర్యం చెప్పేదే. కణితిలో పడిన మిథైల్ ఆ కణితిది. అది అండం ద్వారా బిడ్డకు చేరదు. తరం మారేటప్పుడు పిండం తొలిదశలోనే మిథైల్ గుర్తులు చాలామటుకు చెరిగిపోయి కొత్తగా రాయబడతాయి. కాబట్టి బీఆర్‌సీఏ1 మూతపడటం వల్ల వచ్చిన క్యాన్సర్‌కు, తల్లి నుంచి కూతురికి సగం అవకాశంతో వచ్చే మ్యుటేషన్‌కు ఉన్నలాంటి వంశ సంబంధం ఉండదు.

అయితే రెండు సంగతులు చెప్పకపోతే ఈ జవాబు సగమే అవుతుంది. మొదటిది, అరుదైన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మాంచెస్టర్ పరిశోధకులు 2018లో, వంశంలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు బాగా ఉన్నా పరీక్షల్లో ఏ మార్పూ దొరకని 49 కుటుంబాల్ని చూశారు. రెండు కుటుంబాల్లో బీఆర్‌సీఏ1 ప్రొటీన్ రాత మొదలవడానికి ముందుండే భాగంలో ఒకే ఒక్క అక్షరం మారి ఉంది. ఆ అక్షరం ఏ ప్రొటీన్‌నీ చెడగొట్టదు. కానీ అది ఉన్న ప్రతి మీద మిథైల్ వచ్చి పడుతోంది. పరీక్షలు సాధారణంగా ప్రొటీన్ రాసే భాగాల మీదే దృష్టి పెడతాయి కాబట్టి ఇన్నాళ్లూ అది ఎవరి కంటా పడలేదు. అక్షరమే పొల్లును పిలిచి తెచ్చుకున్న సందర్భం ఇది.

రెండో సంగతి ఇంకా లోతైనది. నార్వేలోని బెర్గెన్‌లో పెర్ ఎయిస్టీన్ లోనింగ్ బృందం కణితిని వదిలి మామూలు రక్తకణాల్ని పరీక్షించింది. ఏ జబ్బూ లేని స్త్రీలలో కూడా నూటికి నాలుగైదుగురి తెల్ల రక్తకణాల్లో, కొద్దిపాటి కణాల్లోనే అయినా, బీఆర్‌సీఏ1 మీద మిథైల్ ఉంది. అప్పుడే పుట్టిన ఆడపిల్లల బొడ్డుతాడు రక్తంలో కూడా కనిపించింది. 2022లో అదే బృందం, అమెరికాలో ఎన్నో ఏళ్ల కిందట రక్తం ఇచ్చి ఆ తర్వాత క్యాన్సర్ వచ్చినవారి నమూనాల్ని, రానివారి నమూనాల్ని పోల్చింది. ఈ మిథైల్ ఉన్నవారికి ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు 2.35 రెట్లు, హై గ్రేడ్ సీరస్ అండాశయ క్యాన్సర్ ముప్పు 1.93 రెట్లు. రక్తం తీసింది క్యాన్సర్ రాకముందు కాబట్టి, కణితి వల్లే మిథైల్ వచ్చిందని అనుకోవడానికి వీల్లేదు. గర్భంలో ఉండగానే కొన్ని కణాల్లో ఈ గుర్తు పడి, ఒంట్లో అక్కడక్కడా చెదురుమదురుగా ఉండిపోతుందని ఈ ఫలితాలు సూచిస్తున్నాయి. ఇది వంశంలో వచ్చిందీ కాదు, ఆ మనిషి జీవితంలో ఏదో చేయడం వల్ల వచ్చిందీ కాదు. రెండు రెట్ల ముప్పు అనగానే కంగారు పడక్కర్లేదు. ఈ రెండు క్యాన్సర్లూ ఒక్కొక్కరికి వచ్చే అవకాశం మొదటే తక్కువ. రెట్టింపయినా, పుట్టుకతో వచ్చిన బీఆర్‌సీఏ1 మార్పు తెచ్చే ముప్పుతో దానికి పోలికే లేదు.

ఇక్కడే ఆహారం గురించి ఒక మాట చెప్పాలి. ఎపిజెనెటిక్స్ అన్న పేరు బయటికి రాగానే, జన్యువుల్ని ‘తెరిచే’ పొడులూ కషాయాలూ అమ్మేవాళ్లు బయల్దేరారు. పసుపులోని కర్క్యుమిన్, గ్రీన్ టీలోని పదార్థాలు ప్రయోగశాలలో గాజు పళ్లెంలో పెంచిన కణాల మీద మిథైల్‌ను తగ్గించిన దాఖలాలున్నాయి. ఆ కణాలకు అందిన మోతాదు ఒకటి, కూరలో వేసిన పసుపు నుంచి కణితికి చేరేది మరొకటి. ఏదైనా తినడం వల్ల మనిషి కణితిలో బీఆర్‌సీఏ1 తెరుచుకుందని చూపిన రుజువు లేదు. ఇంట్లో పసుపు వాడుకోవడంలో తప్పులేదు. దాని కోసం కీమో మానేస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

తెరవాలా, మూసే ఉంచాలా

పొల్లు తీస్తే అక్షరం పలుకుతుందన్న ఆశే ఎపిజెనెటిక్ మందులకు పునాది. 1964లో ప్రేగ్‌లో ఐదు-అజాసైటిడిన్ అనే పదార్థాన్ని తయారుచేశారు. 1980లో పీటర్ జోన్స్, షిర్లీ టేలర్ దాన్ని ఎలుక కణాలకు ఇస్తే అవి కండర కణాలుగా మారాయి. మిథైల్ పెట్టే ఎంజైమ్‌ను ఆ మందు డీఎన్ఏకే అతుక్కుపోయేలా చేసి పని చెయ్యనివ్వదు. దాంతో కణం చీలేకొద్దీ మిథైల్ పల్చబడిపోతుంది. మైలోడిస్‌ప్లాస్టిక్ సిండ్రోమ్ అనే రక్త వ్యాధికి అజాసైటిడిన్‌ను 2004లో, దాని బంధువు డెసిటబిన్‌ను 2006లో అమెరికా ఆమోదించింది. రక్త వ్యాధుల్లో ఈ మందులు నిలబడ్డాయి.

గట్టి కణుతుల్లో కథ అంత సాఫీగా సాగలేదు. ప్లాటినం మందుకు (కార్బోప్లాటిన్ లాంటి కీమోకు) లొంగని అండాశయ క్యాన్సర్ ఉన్న 17 మందికి డెసిటబిన్, కార్బోప్లాటిన్ కలిపి ఇచ్చిన చిన్న ప్రయోగంలో 35 శాతం మందిలో కణితి తగ్గిందని 2012లో తేలినప్పుడు చాలా ఆశలు రేగాయి. బ్రిటన్‌లో జరిగిన మరో ప్రయోగాన్ని మాత్రం ఉపయోగం కనిపించక మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్‌లో హిస్టోన్ల మీద పనిచేసే ఎంటినోస్టాట్‌ను 608 మంది మీద పరీక్షిస్తే, హార్మోన్ మందు ఒక్కటే ఇచ్చినదానికన్నా మెరుగు కనిపించలేదు. అదే కోవకు చెందిన టుసిడినోస్టాట్ చైనాలో జరిగిన ప్రయోగంలో వ్యాధి ముదరకుండా ఆపే కాలాన్ని 3.8 నెలల నుంచి 7.4 నెలలకు పెంచింది, అక్కడ ఆమోదమూ పొందింది. ఈ మందులు ఒక జన్యువును ఎంచుకుని తెరవలేవు. ఊరంతటికీ కలిపి ఒకే మెయిన్ స్విచ్ వేసినట్టు మంచివీ చెడ్డవీ అన్నీ తెరుస్తాయి. ఆశ ఇప్పుడు వేరే వైపు మళ్లుతోంది. మన డీఎన్ఏలో పూర్వకాలపు వైరస్‌ల శకలాలు మిథైల్ కింద అణిగి ఉన్నాయి. ఈ మందులిస్తే అవి మేల్కొంటాయని, కణితిలో వైరస్ చొరబడిందనుకుని రోగనిరోధక వ్యవస్థ స్పందిస్తుందని 2015లో అండాశయ క్యాన్సర్ కణాల మీద చూపించారు.

బీఆర్‌సీఏ1 దగ్గరకొచ్చేసరికి మాత్రం ప్రశ్నే మారిపోతుంది. కణితి తయారయ్యాక అందులో బీఆర్‌సీఏ1ను తెరవడం రోగికి మేలా? చాలా సందర్భాల్లో కాదు. కార్బోప్లాటిన్ డీఎన్ఏను గట్టిగా దెబ్బతీసే మందు. ఆ దెబ్బను బాగుచేసుకోలేని కణమే చస్తుంది. మేస్త్రీ లేని కణితి కీమో ముందు బలహీనం. పార్ప్ నిరోధకాలు ఇదే బలహీనత మీద కట్టిన మందులు. ఒక పోగు తెగినప్పుడు బాగుచేసే పార్ప్ ఎంజైమ్‌ను ఇవి ఆపేస్తాయి. ఆ చిన్న దెబ్బలు కణం చీలేటప్పుడు పెద్ద దెబ్బలుగా మారతాయి. బీఆర్‌సీఏ1 ఉన్న మామూలు కణం తట్టుకుంటుంది, లేని కణితి కుప్పకూలుతుంది. 2005లో రెండు బృందాలు ఈ సూత్రాన్ని చూపించాయి, 2014 చివర్లో ఒలపారిబ్‌కు అమెరికా ఆమోదం దొరికింది. బీఆర్‌సీఏ మ్యుటేషన్ ఉండి, ముదిరిన దశలో కొత్తగా బయటపడిన అండాశయ క్యాన్సర్‌లో, కీమో పనిచేసిన తర్వాత ఒలపారిబ్ ఇస్తే వ్యాధి తిరగబెట్టే లేదా మరణించే ముప్పు 70 శాతం తగ్గిందని 2018లో వెల్లడైంది. అంటే వైద్యుడికి కావాల్సింది ఆ మూత అలాగే ఉండటం. దాన్ని తెరవాలని చూసేది కణితే.

ఇంతకుముందు చెప్పిన 2011 నాటి అండాశయ క్యాన్సర్ లెక్కల్లో ఒక ముడి మిగిలిపోయింది. బీఆర్‌సీఏ మ్యుటేషన్ ఉన్నవారు మిగతావారికన్నా ఎక్కువ కాలం బతికారు. బీఆర్‌సీఏ1 మూతపడినవారికి మాత్రం ఆ లాభం కనిపించలేదు. జన్యువు రెండుచోట్లా పనిచేయడం లేదు, మరి ఫలితం ఎందుకు వేరైంది? 2018లో ఆస్ట్రేలియా పరిశోధకుల నుంచి జవాబు వచ్చింది. ఎలుకల్లో పెంచిన రోగుల కణుతుల్ని, రుకాపరిబ్ అనే పార్ప్ నిరోధకం తీసుకున్నవారి నమూనాల్ని వాళ్లు పరిశీలించారు. కణితిలోని బీఆర్‌సీఏ1 ప్రతులన్నీ మూతపడి ఉంటేనే మందు బాగా పనిచేసింది. ఒక్క ప్రతి తెరిచి ఉన్నా కణితి బతికి బట్టకట్టింది. ఆ ప్రతి తెరుచుకోవడానికి కారణం చాలాసార్లు అంతకుముందు తీసుకున్న కీమోనే. కీమో ఒత్తిడిలో, మిథైల్ కోల్పోయిన కణాలే మిగిలి, అవే పెరుగుతాయి. ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము కణుతుల్లో కూడా కీమో తర్వాత ఇలాగే మిథైల్ పోతుందని 2022లో తేలింది. మ్యుటేషన్ ఉన్న కణితి తప్పించుకోవాలంటే చెడిన అక్షరాన్ని మళ్లీ చక్కదిద్దే మరో మ్యుటేషన్ రావాలి. మిథైల్ ఉన్న కణితికి పొల్లు రాలితే చాలు. మనం మందుతో చేయాలనుకున్న పనిని కణితి తన కోసం తాను చేసుకుంటోంది. స్వీడన్‌లో తొలిసారి కీమో తీసుకున్న, అంటే ఇంకా అలా తప్పించుకునే అవకాశం రాని ట్రిపుల్ నెగెటివ్ రోగుల్లో, మూత ఉన్నవారి ఫలితాలు మ్యుటేషన్ ఉన్నవారికి దగ్గరగా ఉండటం కూడా ఈ వివరణతో పొసుగుతుంది.

ఇప్పుడు ఆసుపత్రుల్లో అందుబాటులో ఉన్న పరీక్షల్ని ఈ వెలుగులో చూడాలి. రక్తంతో చేసే బీఆర్‌సీఏ పరీక్షకు మిథైల్ కనిపించదు. కణితి మీద చేసే హెచ్‌ఆర్‌డీ పరీక్ష ఒక మెట్టు పైన ఉంది. అతుకులు సరిగా పడకపోవడం వల్ల డీఎన్ఏ మీద మిగిలిపోయిన మచ్చల్ని అది లెక్కపెడుతుంది. బీఆర్‌సీఏ1 మ్యుటేషన్‌తో పోయినా మిథైల్‌తో మూతపడినా ఆ మచ్చలు పడతాయి కాబట్టి, ‘నెగెటివ్’ రిపోర్టు ఉన్నవారిలో కొందరు దీని ద్వారా పార్ప్ మందులకు అర్హులవుతున్నారు. ఇది నిజమైన మేలు. కానీ మచ్చ చెరగదు. రెండేళ్ల కిందటి మచ్చ ఈ రోజుకీ అలాగే ఉంటుంది, ఈలోగా జన్యువు మళ్లీ తెరుచుకున్నా సరే. మచ్చ చెప్పేది కణితి గతం. మందు పనిచేస్తుందా లేదా అన్నది తేల్చేది దాని వర్తమానం.

కాబట్టి ప్లాటినం తీసుకున్నాక వ్యాధి తిరగబెట్టినవారి విషయంలో వైద్యుణ్ని అడగదగిన ప్రశ్నలు రెండున్నాయి. పార్ప్ మందు ఇవ్వాలా అన్న నిర్ణయానికి ఆధారమైన నమూనా మొదటి సర్జరీలో తీసి దాచిన కణితి ముక్కా (బ్లాక్), లేక వ్యాధి తిరగబెట్టాక చేసిన బయాప్సీయా? అందులో బీఆర్‌సీఏ1 మీద మిథైల్ ఉందని ఎవరైనా పరిశోధనలో భాగంగా చూసి ఉంటే, అది ‘ఉంది’ అన్నారా, ‘అన్ని ప్రతుల మీదా ఉంది’ అన్నారా? నూటికి ఎంత శాతం మిథైల్ ఉందో, కణితిలో ఆ జన్యువు ప్రతులు ఎన్ని ఉన్నాయో, నమూనాలో మామూలు కణాలు ఎంత కలిసిపోయాయో మూడూ కలిపి చూస్తేనే ఆ రెండో ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఈ లెక్క వేయగల ల్యాబులు ఇప్పటికి ఎక్కువగా పరిశోధన కేంద్రాల్లోనే ఉన్నాయి.